పెంచాక వదలడం: పేకాటలో రెండో అడుగు లెక్క

పోకర్‌లో ఒక ఆటగాడు పందెం పెంచుతాడు. ఎదుటివాడు దానిమీద మళ్లీ పెంచుతాడు. మొదటివాడు ముక్కలు బల్లమీద బోర్లించి ఆ ఆటనుంచి తప్పుకుంటాడు. చూసేవారికి ఇది బెదిరి వెనక్కి తగ్గినట్టే ఉంటుంది. చివరికి వదిలేసేవాడు మొదట ఎందుకు పెంచాలన్న సందేహమూ వస్తుంది. కానీ చాలా సందర్భాల్లో ఆ పెంపును లాభసాటిగా నిలబెట్టేది వెనువెంటనే వదలడమే. అదే ముక్కలతో, అదే పెంపు తర్వాత మొండిగా నిలబడితే, అసలు పెంచకుండా ఊరుకున్నప్పటికన్నా తక్కువే మిగులుతుంది. అందుకే గణితం పెంచడాన్ని, వదలడాన్ని విడదీయదు. ఎదుటివాడు మళ్లీ పెంచితే ఏం చేయాలో తేల్చుకోకముందే పందెం పెంచడమంటే సగం లెక్కతో దిగడమే.

సికింద్రాబాద్‌కు తూర్పున లాలాపేట్, నాచారం, ఉప్పల్ వైపు పేకాట అనగానే గుర్తొచ్చేది పోకర్ కాదు, పదమూడు ముక్కల రమ్మీ. రమ్మీలో పందెం పెంచడం ఉండదు. అయినా ఈ రెండంచెల నిర్ణయం అందులోనూ ఉంది. దాని పేరు డ్రాప్. కొందరు స్కూట్ అంటారు. ముక్కలు పంచాక, ఇంకా ఒక్క ముక్కా లాగకముందే తప్పుకుంటే 20 పాయింట్లు పడతాయి. ఒకసారి లాగి ఆటలోకి దిగాక తప్పుకుంటే 40, దాన్ని మిడిల్ డ్రాప్ అంటారు. చివరిదాకా ఉండి, ఎదుటివారు షో చేసేసరికి చేతిలో జోకర్ కలవని సీక్వెన్స్ ఒక్కటీ లేకపోతే ముక్కలన్నీ లెక్కకు వస్తాయి. ఆసు, రాజు, రాణి, జాకీలకు పదేసి చొప్పున. ఆ ఫుల్ కౌంట్ 80 దగ్గర ఆగుతుంది. ఇరవై, నలభై, ఎనభై: ప్రతి మెట్టూ ముందుదానికి రెట్టింపు.

ఈ ఎంపికలో నైపుణ్యం ఉందా, అంతా అదృష్టమేనా అన్న ప్రశ్న సికింద్రాబాద్ నుంచే దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. 1963 మే 4న పోలీసులు సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద దాడి చేసి, డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నవారిమీద నిజాం కాలంనాటి హైదరాబాద్ జూద చట్టం కింద కేసు పెట్టారు. ఆ చట్టం 1305 ఫస్లీ నాటిది. శిక్షలను హైకోర్టు కొట్టివేయగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు అప్పీలు చేసింది. 1967 నవంబరు 22న జస్టిస్ హిదాయతుల్లా ఇచ్చిన తీర్పు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా గుర్తించింది. పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవడం, ఏది ఉంచుకోవాలో ఏది విడవాలో తేల్చుకోవడం ఇందులో కీలకమని, ముక్కలు పంచడంలో ఉండే అదృష్టం బ్రిడ్జ్‌లో ఉండేలాంటిదేనని కోర్టు భావించింది. మూడు ముక్కలాటను మాత్రం కేవలం అదృష్టం కిందే లెక్కగట్టింది. పోకర్‌కు దగ్గరి చుట్టం ఆ మూడు ముక్కలాటే. అందులోనూ పందెం పెంచడం, ప్యాక్ చెప్పి తప్పుకోవడం ఉన్నాయి. ముక్కల పంపకాన్ని మాత్రమే చూస్తే కోర్టు మాట సబబుగానే తోస్తుంది. పందేల వరసను కూడా ఆటలో భాగంగా చూస్తే ఆ ఒక్క వాక్యం సరిపోదు. ఎందుకు సరిపోదో ఇక్కడ చెప్పబోయే లెక్కే చూపిస్తుంది.

చట్టం సంగతి ఆ తర్వాత చాలా మారింది. 1974 నాటి గేమింగ్ చట్టం నైపుణ్యపు ఆటలకు ఇచ్చిన మినహాయింపునుంచి పందెపు రమ్మీని తెలంగాణ 2017లో సవరణతో తప్పించింది. 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న భేదం లేకుండా, డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపింది. కిందవి పాయింట్ల లెక్కలు, చిప్స్ లెక్కలు మాత్రమే. అవి అర్థం కావడానికి రూపాయి అవసరం లేదు.

మొదట రమ్మీ చూద్దాం, అందులో లెక్క తేలిక. చేతిలో సీక్వెన్స్ లేదు, జోకర్ లేదు, బొమ్మ ముక్కలు ఎక్కువ. ఇప్పుడే తప్పుకుంటే నష్టం 20, అందులో సందేహం లేదు. దిగి రెండు మూడు చుట్లు చూసి, ముక్కలు కుదరకపోతే అప్పుడు తప్పుకుంటే 40. అంటే ఆ రెండు మూడు ముక్కలను చూసే హక్కుకు అదనపు ఖరీదు 20. కుదిరిన చేయి సగటున లాభనష్టాలు లేకుండా ముగుస్తుందనుకుంటే, కుదిరే అవకాశం సగానికి మించి ఉంటేనే ఆ 20 పెట్టాలి. కుదిరిన చేయి సగటున 20 పాయింట్లు తెస్తుందనుకుంటే మూడో వంతు అవకాశం చాలు. కుదరకపోయినా మిడిల్ డ్రాప్ చేయకుండా కూర్చునేవాడికి ఈ లెక్క వర్తించదు, ఎందుకంటే అతడి నష్టం 40 దగ్గర ఆగదు, 80 వైపు పోతుంది. దిగాలా వద్దా అన్న మొదటి నిర్ణయం, తర్వాత తప్పుకోగలడా లేడా అన్నదానిమీదే ఆధారపడింది. జోకర్ కలవని సీక్వెన్స్ ఒకటి కుదిరి, మిగిలిన లెక్క 40 లోపే ఉన్నవాడికి మాత్రం మిడిల్ డ్రాప్‌తో పనే లేదు. ఓడినా అంతకన్నా తక్కువే పడుతుంది.

ఎంతమంది ఆడుతున్నారన్నది కూడా లెక్కను మారుస్తుంది. ఆరుగురి ఆటలో గెలిచినవాడికి మిగతా ఐదుగురినుంచి సగటున 30 చొప్పున 150 వస్తాయని, ఓడితే సగటున 45 పోతాయని అనుకుందాం. గెలిచే అవకాశం 13 శాతం దగ్గరుంటే చాలు, 20తో తప్పుకోవడంకన్నా ఆడటమే మేలు. ఇద్దరి ఆటలో గెలిస్తే 40, ఓడితే 45 అనుకుంటే కనీసం 29 శాతం కావాలి. పాయింట్లు ఆట ఆటకూ కూడుతూ పోయే పూల్ రమ్మీలో ఇంకో చిక్కుంది. 101 చేరినవాడు ఆటనుంచి బయటికి పోతాడు కాబట్టి, స్కోరు 85 ఉన్నవాడికి మొదటి డ్రాప్ కూడా లేనట్టే. ఎంత చెత్త చేయి వచ్చినా ఆడి తీరాల్సిందే. తప్పుకునే దారి మూసుకుపోతే మొదటి నిర్ణయం ఎలా మారిపోతుందో ఇంతకన్నా సూటిగా చూపే ఉదాహరణ దొరకదు.

ఇక్కడే ఆపాలా, మరికొంత చూసి ఆపాలా అన్న ఈ ప్రశ్నను రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో అబ్రహాం వాల్డ్ ఒక శాస్త్రంగా మలిచాడు. సరుకు తనిఖీలో ఎన్ని నమూనాలు చూస్తే చాలు, ఎప్పుడు ఆపి తీర్పు చెప్పాలి అన్నది ఆయన చేతికి వచ్చిన సమస్య. ఆయన పుస్తకం 1947లో వెలువడింది. 1950 డిసెంబరులో భారతదేశంలో ఉపన్యాస యాత్రలో ఉండగా నీలగిరుల్లో విమానం కూలి ఆయన మరణించాడు. లాలాపేట్‌కు చేరువగా హబ్సిగూడలో కేంద్రం ఉన్న భారతీయ గణాంక సంస్థ వంటిచోట్ల నేర్పే గణాంకశాస్త్రంలో ఆ పని ఇప్పుడు ఒక పునాది పాఠం. ప్రతి కొత్త సమాచారానికీ ఒక ఖరీదుంది, ఆ ఖరీదుకు తగ్గ ఫలం వస్తుందా అన్నదే అందులో ప్రశ్న. రమ్మీలో ఆ ఖరీదు 20 పాయింట్లు. పోకర్‌లో అయితే ఆటగాడు ఎంత పెంచితే అంత.

పోకర్‌లో రమ్మీకి లేనిదేమిటంటే, ఇక్కడ కొత్త సమాచారం పేకలోంచి మాత్రమే రాదు, ఎదుటి మనిషినుంచి కూడా వస్తుంది. ఆ మనిషికి అబద్ధం చెప్పే స్వేచ్ఛ ఉంది. లెక్క వివరంగా చూడాల్సింది ఇక్కడే.

పాట్‌లో అంటే బల్లమీద చేరిన పందేల కుప్పలో 100 చిప్స్ ఉన్నాయనుకుందాం. మన ఆటగాడి చేతిలో మంచి జోడీ ఉంది. ఎదుటివాడి ముక్కలు తెలియవు. కానీ అప్పటిదాకా అతడు ఆడిన తీరునుబట్టి అతడి దగ్గర ఉండదగ్గ చేతులను వందగా తీసుకుంటే, అందులో 12 బలమైనవి, 60 మధ్యరకం, 28 బలహీనమైనవి. బలమైనవాటిమీద మనవాడు గెలిచేది నూటికి 10 సార్లు, మధ్యరకంమీద 70, బలహీనమైనవాటిమీద 90. మొత్తం మీద అతడి గెలుపు అవకాశం 68.4 శాతం. పందెమే లేకుండా ఇద్దరూ చెక్ చెప్పి ముక్కలు తిప్పేస్తే, పాట్‌లో అతడి వాటా సగటున 68.4 చిప్స్.

ఇప్పుడు అతడు 50 పెంచుతాడు. ఎదుటివాడు మధ్యరకం చేతులు 60తోనూ కాల్ చేస్తాడు, అంటే అంతే మొత్తం పెట్టి నిలుస్తాడు. బలమైన 12తోనూ 200 దాకా మళ్లీ పెంచుతాడు. బలహీనమైన 28లో 26 వదిలేస్తాడు, మిగిలిన 2తో మాత్రం బ్లఫ్ చేస్తాడు, అంటే బలమున్నట్టు నటించి 200 దాకా పెంచుతాడు. కాల్ తర్వాత ఇక పందేలు ఉండవనుకుందాం. ఎదుటివాడు మళ్లీ పెంచిన ప్రతిసారీ మనవాడు వదిలేస్తే జమాఖర్చు ఇదీ: వందలో 26 సార్లు 100 చిప్స్ ఊరికే వస్తాయి, 60 సార్లు సగటున 90 చొప్పున మిగులుతాయి, 14 సార్లు 50 చొప్పున పోతాయి. సగటు 73. చెక్ చెప్పడంకన్నా 4.6 ఎక్కువ.

అతడు వదలకుండా ప్రతిసారీ కాల్ చేస్తేనో? ఇంకో 150 పెట్టాలి. పాట్ 500 అవుతుంది. 500లో 150 అంటే 30 శాతం. కనీసం అంత గెలుపు అవకాశం ఉంటేనే ఆ కాల్ గిట్టుబాటవుతుంది. మళ్లీ పెంచిన 14 చేతుల్లో 12 బలమైనవి, 2 బ్లఫ్‌లు కాబట్టి అతడి అవకాశం ఇప్పుడు 21.4 శాతమే. ఆ కాల్‌లవల్ల సగటు 73 నుంచి 67కి పడిపోతుంది. అది చెక్ చెప్పినప్పటి 68.4 కన్నా తక్కువ. చేతిలోని ముక్కలూ పెంచిన మొత్తమూ ఏ మాత్రం మారలేదు. పెంచి వదిలితే లాభం, పెంచి నిలబడితే ఊరుకోవడంకన్నా నష్టం.

పెంచేముందు 68 శాతం బలంగా ఉన్న చేయి, ఎదుటివాడు పెంచగానే 21కి ఎలా పడింది? ముక్కలు మారలేదు, వాటిని పోల్చాల్సిన గుంపు మారింది. వందమందితో జరగాల్సిన పోటీ ఇప్పుడు ఏరిన పద్నాలుగుమందితో జరుగుతోంది. ముందున్న అంచనాను కొత్త ఆధారంతో సవరించుకునే ఈ పద్ధతి థామస్ బేయస్ పేరుమీద ఉంది. ఆయన వ్యాసం 1763లో, మరణానంతరం అచ్చయింది. మంచి చేయి ఉండి కూడా వదలడం కష్టంగా తోచడానికి కారణం, మనసు ఇంకా పాత అంచనానే పట్టుకుని ఉండటం.

ఇదే లెక్కలో ఎదుటివాడి బ్లఫ్‌లు 2 కాక 4 అయ్యాయనుకుందాం. అప్పుడు మనవాడి అవకాశం సరిగ్గా 30 శాతం. కాల్ చేసినా వదిలినా ఒకటే. 6 అయితే అంతా తలకిందులవుతుంది. అవకాశం 36.7 శాతానికి పెరుగుతుంది. వదిలితే సగటు 67, నిలబడితే 73. బలహీనమైన 28 చేతుల్లో ఎదుటివాడు రెంటితో నటిస్తాడా ఆరింటితోనా అన్న ఒక్క తేడామీద సరైన జవాబు ఎదురు దిక్కుకు తిరిగింది. పోకర్‌లో మనిషిని చదవడం అని ఆటగాళ్లు చెప్పేదాన్ని కళ్లలోకి చూడటంగా, చేతుల వణుకు కనిపెట్టడంగా సినిమాలు చూపిస్తాయి. అసలు పని ఈ 2కూ 6కూ మధ్య ఎక్కడున్నాడో ఎన్నో ఆటలమీద కనిపెట్టి ఉంచుకోవడం. మళ్లీ పెంచడం అరుదుగా చేసేవాడు పెంచితే వదలాలి. మాటిమాటికీ పెంచేవాడి ఎదుట వదలాలన్న ఆలోచనతో పెంచడమే పొరపాటు.

ఈ లెక్కలో మనవాడు అంతకుముందు పెట్టిన 50ని విడిగా ఎక్కడా చూడలేదు. అది పాట్‌లో కలిసిపోయింది. అతడిదని చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఇంత పెట్టాక వదలడమెలా అన్న ఆలోచన వచ్చేది సరిగ్గా ఇక్కడే. పెట్టిన 50 పాట్‌ను పెద్దది చేసి కాల్‌ను కాస్త చవక చేసింది, అంతవరకే దాని పాత్ర. దాన్ని దక్కించుకోవడానికని పెట్టే ప్రతి చిప్పూ పైన చెప్పిన 30 శాతం గీటు దాటాల్సిందే.

పెంచి వదలడానికి అన్ని చేతులూ పనికిరావు. ఒకే రంగు ముక్కలు నాలుగు చేరి, ఐదోదానికోసం చూస్తున్న చేతిని తీసుకుంటే, టెక్సాస్ హోల్డెమ్‌లో బల్లమీద మూడు ముక్కలు తిప్పాక కనపడని ముక్కలు 47. వాటిలో ఆ రంగువి 9. మిగిలిన రెండు ముక్కల్లో ఒకటైనా ఆ రంగు పడే అవకాశం 35 శాతం. ఇలాంటి చేతితో పెంచి, ఎదుటివాడు మళ్లీ భారీగా పెంచితే వదలాల్సి వచ్చిందంటే, పోయేది పెట్టిన చిప్స్ మాత్రమే కాదు. పాట్‌లో ఉన్న మూడో వంతు వాటా కూడా ఊరికే చేజారుతుంది. పెంచకుండా కాల్ చేసి ఉంటే ఆ రంగు పడేదేమో చూసే వీలుండేది. అందుకే పెరగడానికి అవకాశమున్న చేయి, మళ్లీ పెంచితే వదలక తప్పని స్థితిలో ఉంటే, మొదట పెంచకపోవడమే మేలు. వదలడంవల్ల పెద్దగా ఏమీ కోల్పోని చేతులే ఈ ఎత్తుకు తగినవి. అవి రెండు రకాలు: మధ్యరకాన్ని గెలిచి బలమైనవాటికి ఓడే, పెరగడానికి ఇక చోటులేని మంచి జోడీ, లేదా ఎలాగూ గెలవని పూర్తి చెత్త.

దగ్గరున్న చిప్స్ ఎన్ని అన్నది ఇంకో కొలత. పాట్ 100, చేతిలో 200 ఉన్నవాడు 120 పెంచాడనుకుందాం. ఎదుటివాడు 200 పెడితే ఇతడు ఇంకా పెట్టాల్సింది 80, పాట్ మొత్తం 500; 16 శాతం దాటి అవకాశమున్నా కాల్ చేయాల్సిందే. ఇంత పెంచి వదలడానికి వీలుండదు. తప్పుకునే ఆలోచన ఉంటే పెంపు చిన్నదిగా ఉండాలి, లేదా పెంచకూడదు. చిప్స్ తక్కువగా ఉన్నప్పుడు సగం పెట్టి వదిలేయడం కొత్త ఆటగాళ్లలో ఎక్కువగా కనిపించే, ఎక్కువ ఖరీదైన తప్పు.

పూర్తి చెత్తతో పెంచడంలో తర్కాన్ని జాన్ వాన్ నాయ్‌మన్ మొదట తేటగా చూపించాడు. ఆయన 1928లో ఆటల సిద్ధాంతానికి పునాది వేశాడు. ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి 1944లో వెలువరించిన గ్రంథంలో పోకర్‌కు చాలా చోటిచ్చాడు. ఆయన చిన్న నమూనాలో పందెం కాయాల్సింది మేలైన చేతులతోనూ, బాగా నాసిరకపు చేతులు కొన్నింటితోనూ. నడిమి చేతులతో చెక్ చెప్పాలి. నడిమి చేతికి ముక్కలు తిప్పినప్పుడు గెలిచే అవకాశం కొంత ఉంది, దాన్ని పందెంలో పెట్టి పోగొట్టుకోకూడదు. అట్టడుగు చేతికి పోగొట్టుకోవడానికి అలాంటిదేమీ లేదు.

బ్లఫ్ ఎంత మోతాదులో ఉండాలన్నదానికి హెరాల్డ్ కూన్ 1950లో మూడే ముక్కలతో ఒక ఆట కట్టి లెక్క తేల్చాడు. రాజు, రాణి, జాకీ, ఇద్దరు ఆటగాళ్లు, చెరొక చిప్ ముందే పాట్‌లో వేస్తారు, చెరొక ముక్క తీసుకుంటారు, మూడోది ఎవరికీ కనిపించదు. కాయగలిగేది ఇంకొక్క చిప్. మొదటివాడు చెక్ చెప్పాక, రెండోవాడు రాజుతో ఎప్పుడూ కాయాలి, జాకీతో మూడింట ఒకసారి మాత్రమే కాయాలి. రాణి పట్టుకున్న మొదటివాడికి అప్పుడు ఏం చేసినా ఒకటే అవుతుంది: నాలుగు సార్లు కాల్ చేస్తే మూడుసార్లు రాజు ఎదురై మూడు చిప్స్ పోతాయి, ఒకసారి జాకీ దొరికి మూడు వస్తాయి. ఎదుటివాడు ఏం చేసినా లాభపడలేని మోతాదు అదే. అంతకన్నా తక్కువ బ్లఫ్ చేస్తే రాణి ధైర్యంగా వదిలేస్తుంది, ఎక్కువ చేస్తే ధైర్యంగా కాల్ చేస్తుంది. ఇద్దరూ తప్పు లేకుండా ఆడినా మొదటివాడు ఆటకు సగటున చిప్‌లో 18వ వంతు పోగొట్టుకుంటాడు. ముందుగా మాట్లాడాల్సి రావడానికి అతడు కట్టే మూల్యం అది.

మూడు ముక్కలకు కాగితంమీద అయిన లెక్క యాభై రెండు ముక్కలకు కంప్యూటర్లమీద సాగింది. 2015లో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం బృందం, పందెం మొత్తాలకు హద్దున్న ఇద్దరి హోల్డెమ్‌ను దాదాపు పూర్తిగా సాధించింది. 2017 జనవరిలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తయారైన లిబ్రేటస్, హద్దులేని ఇద్దరి ఆటలో నలుగురు వృత్తి ఆటగాళ్లను 1,20,000 ఆటల్లో ఓడించింది. 2019లో ప్లూరిబస్ ఆరుగురి ఆటలోనూ నెగ్గింది. ఇవి ముఖాలు చూడవు. తమతో తామే లెక్కలేనన్ని ఆటలు ఆడుకుని, ఏ చేతితో ఎన్నిసార్లు పెంచాలి, వాటిలో ఎన్నింటిని తర్వాత వదలాలి అన్న నిష్పత్తులు కూడగట్టుకుంటాయి. మూడు ముక్కలాటనుగాని, దాని చుట్టమైన పోకర్‌నుగాని కేవలం అదృష్టంగా చూడటానికి వీల్లేదనడానికి ఇదే గట్టి ఆధారం. అదృష్టం ఒక్క ఆటను తేల్చగలదు. 1,20,000 ఆటలను తేల్చలేదు.

ఆడించేవాడు పాట్‌లోంచి తన వాటా తీసుకునేచోట పై లెక్కలన్నీ ఒకవైపుకు జరుగుతాయి. నూటికి 5 కోత ఉందనుకుంటే 500 పాట్‌లో గెలిచినవాడికి చేరేది 475. 150 పెట్టి కాల్ చేయడానికి కావలసిన అవకాశం 30 శాతంనుంచి 31.6కు పెరుగుతుంది. ఎదుటివాడి బ్లఫ్‌లు 4 ఉన్నప్పుడు అటూ ఇటూ సమానంగా నిలిచిన కాల్ ఇప్పుడు నష్టం, వదలాల్సిందే. పెంచినప్పుడు వచ్చే లాభంలోనూ ఆ కోత పడుతుంది కాబట్టి, 73కూ 68.4కూ మధ్య ఉన్న సన్నని తేడాలో కొంత అక్కడే కరిగిపోతుంది. ఇద్దరు ఆటగాళ్లూ సరిసమానంగా, తప్పులేకుండా ఆడితే కాలక్రమేణా ఇద్దరూ నష్టపోతారు, పెరిగేది ఆడించేవాడి పెట్టె ఒక్కటే.